పిడుగు పాఠంలో పిట్టకథలు

డిజిటల్ పాఠాలు తయారు చేసేవాళ్లను ఒక భయం వదలదు: పిల్లలకు బోర్ కొడుతుందేమోనని. అందుకే వెనక మ్యూజిక్, పక్కన గెంతే బొమ్మలు, మధ్యమధ్య ఆశ్చర్యపరిచే కబుర్లు. ఈ హంగుల పని ఎంతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరాలో విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ బృందం ఏళ్ల తరబడి పరీక్షించింది. తరచూ వాడిన పాఠం, మెరుపు ఎలా పుడుతుందన్నది. తేమగాలి పైకి లేస్తుంది, నీటి బిందువులు, మంచు స్ఫటికాలు ఏర్పడతాయి, మేఘంలో విద్యుదావేశాలు విడిపోతాయి, అడుగున చేరిన ఋణావేశం నేలవైపు దిగుతుంది. ఒక్క మెట్టు తప్పినా మిగతాది అర్థం కాదు.

1998లో షానన్ హార్ప్, మేయర్ ఈ పాఠానికి పిడుగుపాట్ల గురించి ఆసక్తి పుట్టించే విశేషాలు జోడించి చూశారు. అవి లేని పాఠం చదివినవాళ్లకే ఎక్కువ గుర్తుంది, కొత్త సమస్య ఇస్తే వాళ్లే మెరుగ్గా ఆలోచించారు. అసలు విషయాన్ని బోల్డ్ అక్షరాల్లో పెట్టినా లాభం లేకపోయింది. విశేషాలను చివరికి జరిపితే మాత్రం నష్టం తగ్గింది. అంటే గొడవ ధ్యాస చెదరడం ఒక్కటే కాదు. ముందే ప్రమాదాల కథ వింటే విద్యార్థి మిగతా పాఠాన్ని దాని చుట్టూ అల్లుకుంటాడు. పిట్టకథ వద్దని కాదు, చోటు చూసి చెప్పాలి.

మన పని జ్ఞాపకం, అంటే ఆలోచిస్తున్నప్పుడు విషయాలను కాసేపు పట్టి ఉంచే చోటు, చాలా ఇరుకు. ఒకేసారి సుమారు 4 అంశాలకు మించి పట్టదని మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ అంచనా. అయితే చూసినదానికి, విన్నదానికి వేర్వేరు దారులున్నాయి. అందుకే బొమ్మ చూపిస్తూ నోటితో వివరిస్తే బాగా ఎక్కుతుంది. ఆ మాటలనే తెర మీద అక్షరాలుగా కూడా వేస్తే కళ్లు బొమ్మకూ అక్షరాలకూ మధ్య పరుగులు పెడతాయి. స్లయిడ్‌లో ఉన్నదంతా పొల్లుపోకుండా చదివి వినిపించేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు!

దీన్నీ గుడ్డిగా పాటించకూడదు. ఆ ప్రయోగాల్లో కూర్చున్నది అమెరికా కాలేజీ విద్యార్థులు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ సైన్సును ఇంగ్లీషులో వినే ఎనిమిదో తరగతి పిల్లకు చెవి అందుకోలేని మాటను తెర మీది అక్షరాలు పట్టిస్తాయి. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఇంగ్లీషు, తెలుగు ఎదురెదురు పేజీల్లో ఉండటానికి ఇలాంటి అవసరమే కారణం. వీడియోలో క్యాప్షన్ల మీట పిల్లల చేతిలోనే ఉండాలని నా అభిప్రాయం.

మేయర్, పాల్ చాండ్లర్ 2001లో చేసిన ఇంకో ప్రయోగం నాకు బాగా నచ్చింది. సుమారు 140 సెకన్ల మెరుపు యానిమేషన్‌ను 16 ముక్కలు చేసి, ఒక్కో ముక్క తర్వాత ఒక బటన్ పెట్టారు. నొక్కితేనే తర్వాతి ముక్క వస్తుంది. పాఠంలో ఒక్క మాట మారలేదు. అయినా కొత్త సమస్యలు ఇస్తే, ఆగి ఆగి చూసినవాళ్లే మెరుగ్గా పరిష్కరించారు. ఇంత చవకైన మార్పు మరొకటి ఉండదు.

విషయం ముందే తెలిసినవాడికి మాత్రం ఇలాంటి సాయమే అడ్డు కావచ్చు. అందుకే పాఠం మొదట్లో రెండు మూడు ప్రశ్నలు అడిగి, జవాబులను బట్టి ఎవరికి ముక్కలుగా చూపాలో, ఎవరికి నేరుగా సమస్యలు ఇవ్వాలో తేల్చుకోవచ్చు.