యుద్ధం అయిపోయింది, మరి ఖైదీలు?

1955 సెప్టెంబరులో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ మాస్కో వెళ్లారు. సోవియట్లకు దౌత్య సంబంధాలు కావాలి. ముందు మావాళ్లను పంపండి అన్నది ఆయన బేరం. ఆ 'మావాళ్లు' సుమారు 10 వేల మంది జర్మన్ ఖైదీలు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పదేళ్లు దాటింది.

యుద్ధఖైదీ అనగానే ఆకలి, దెబ్బలు, వెట్టిచాకిరీ గుర్తొస్తాయి. అవన్నీ నిజమే. జర్మన్లకు చిక్కిన సుమారు 57 లక్షల సోవియట్ సైనికుల్లో 33 లక్షల మంది దాకా చనిపోయారు. కానీ ఎన్ని ఒప్పందాలు రాసుకున్నా తెగని పేచీ ఇంకొకటుంది. బతికి ఉన్నవాణ్ని ఎప్పుడు వదలాలి?

1907 నాటి హేగ్ నిబంధనల ప్రకారం శాంతి ఒప్పందం కుదిరాక వీలైనంత త్వరగా ఖైదీలను పంపేయాలి. 1929 జెనీవా ఒప్పందం కూడా ఇంచుమించు అదే మాట చెప్పింది. చిక్కంతా అక్కడే వచ్చింది. 1945లో జర్మనీ లొంగిపోయింది కానీ, దానితో శాంతి ఒప్పందమే జరగలేదు. దాంతో పట్టుకున్నవాళ్లకు మంచి సాకు దొరికింది. ఫ్రాన్స్ జర్మన్ ఖైదీల చేత మందుపాతరలు తీయించింది, గనుల్లో పని చేయించింది. ఫ్రాన్స్, బ్రిటన్ తమ దగ్గరున్నవాళ్లందరినీ పంపేసరికి 1948 వచ్చింది.

అందుకే 1949 ఆగస్టు 12 నాటి మూడో జెనీవా ఒప్పందంలో 118వ అధికరణం వేరే తీరుగా రాశారు. శాంతి ఒప్పందం దాకా ఆగక్కర్లేదు, పోరు ఆగితే చాలు, ఆలస్యం చేయకుండా వదలాలి. సాకులకు తావులేని మాటే. కాకపోతే, ఖైదీ వెళ్లనంటే ఏం చేయాలో అందులో లేదు.

వెళ్లననే ఖైదీ ఉంటాడా అనిపించొచ్చు. చాలామందే ఉన్నారు. లొంగిపోయిన కమాండర్లను ద్రోహులుగా చూడాలని స్టాలిన్ 1941లో 270వ నంబరు ఉత్తర్వు ఇచ్చారు. 1945లో స్టాలిన్‌తో కుదిరిన యాల్టా ఒప్పందం ప్రకారం అమెరికా, బ్రిటన్ సోవియట్ ఖైదీలను, వద్దని మొత్తుకున్నవాళ్లతో సహా, తిప్పి పంపాయి. కొందరు దారిలోనే ప్రాణాలు తీసుకున్నారు.

ఆ జ్ఞాపకం కొరియా యుద్ధాన్ని పొడిగించింది. ఇష్టం లేనివాళ్లను బలవంతంగా పంపేది లేదని అమెరికా, ఒప్పందం ప్రకారం అందరినీ ఇవ్వాల్సిందేనని చైనా, ఉత్తర కొరియా పట్టుబట్టాయి. ప్రధానంగా ఈ ఒక్క తగాదా మీదే చర్చలు ఏడాదికి పైగా నానాయి. అన్నాళ్లూ సరిహద్దులో గుట్టల కోసం సైనికులు చస్తూనే ఉన్నారు. చివరికి 1953 జూలై 27న కాల్పుల విరమణ కుదిరింది. వెళ్లనన్నవాళ్ల సంగతి తేల్చే కమిషన్‌కు భారత్ అధ్యక్షత వహించింది, జనరల్ తిమ్మయ్య దాన్ని నడిపారు. ఖైదీల కాపలా కూడా మన సైనికులదే. రెండు వైపుల నుంచీ తిట్లు తినే ఉద్యోగం అది. 14 వేల మందికి పైగా చైనా ఖైదీలు తైవాన్ వెళ్లిపోయారు. 21 మంది అమెరికన్లు చైనా వైపే ఉండిపోయారు. రెండు వైపులూ వద్దన్న 88 మంది భారత్‌కు వచ్చేశారు.

అలా మధ్యవర్తిగా ఉన్న దేశమే తర్వాత పట్టుకున్న దేశమైంది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ లొంగిపోయినప్పుడు, పౌరులతో కలిపి సుమారు 93 వేల మంది మన చేతికి వచ్చారు. పోరు ఆగింది కాబట్టి 118 ప్రకారం వెంటనే పంపాలని పాకిస్తాన్ వాదన. వాళ్లు లొంగిపోయింది భారత్, బంగ్లాదేశ్ ఉమ్మడి సేనకు, బంగ్లాదేశ్ ఒప్పుకోకుండా ఎలా పంపుతామన్నది భారత్ జవాబు. చట్టం మాట ఎలా ఉన్నా, బంగ్లాదేశ్‌ను పాకిస్తాన్ గుర్తించడమే అసలు బేరం. 1972 సిమ్లా ఒప్పందంలో ఇది తేలలేదు. 1973 ఆగస్టు ఢిల్లీ ఒప్పందంతో దారి పడింది, 1974 ఏప్రిల్‌కు పంపడం పూర్తయింది.

ఇరాన్, ఇరాక్ మరీ సాగదీశాయి. 1988లో కాల్పులు ఆగితే, చివరి ఖైదీల అప్పగింత 2003లో జరిగింది.

1971లో కనిపించకుండా పోయిన 54 మంది భారత సైనికుల కథ దీనికి తిరగేసినది. వాళ్లు తమ జైళ్లలో ఉన్నారనే మాటనే పాకిస్తాన్ ఒప్పుకోదు. ఒప్పుకోని ఖైదీకి 118 వర్తించే దారి లేదు. 2007లో వాళ్ల బంధువులు కొందరు పాకిస్తాన్ వెళ్లి జైళ్లు తిరిగి చూశారు. ఎవరూ దొరకలేదు.