‘కెర్నల్ అప్‌గ్రేడ్ చేయాలేమో’ అనే ఎర్రర్ వెనుక కథ

లినక్స్ సర్వర్‌లో ఫైర్‌వాల్ రూల్ వేయబోతే ఒక్కోసారి ఆ రూల్స్ రాసే కమాండ్ ఐపీటేబుల్స్ మొరాయిస్తుంది. ‘ఫిల్టర్’ అనే టేబుల్ (రూల్స్ ఉండే పట్టిక) లేదంటుంది. పైగా ఐపీటేబుల్స్‌నో, మీ కెర్నల్‌నో (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగాన్నో) అప్‌గ్రేడ్ చేయాలేమో అని ఒక సలహా పడేస్తుంది. రెండింటిలో ఏదో మాత్రం చెప్పదు.

అసలు వీటికి లంకె ఏమిటంటే, లినక్స్‌లో ప్యాకెట్‌ను (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్కను) ఆపేదీ వదిలేదీ కెర్నలే. మనం కొట్టే కమాండ్ రూల్స్‌ను లోపలికి చేరవేస్తుందంతే. అందుకే లోపల ఫైర్‌వాల్ మారినప్పుడల్లా బయట కమాండూ మారింది. 1994లో లినక్స్ డెవలపర్ అలన్ కాక్స్ బీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఐపీఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్‌ను తెచ్చారు. 2.0 కెర్నల్ నాటికి ఐపీఎఫ్‌డబ్ల్యూ‌అడ్మ్, 1999 జనవరిలో 2.2తో ఐపీచైన్స్, 2001 జనవరిలో 2.4తో ఐపీటేబుల్స్ వచ్చాయి. చివరి రెండింటి వెనకా డెవలపర్ రస్టీ రసెల్ ఉన్నారు.

2.4కి మారడమే అన్నిటికంటే పెద్ద తలనొప్పి. ఐపీచైన్స్ ఉన్నప్పుడు, మెషీన్ గుండా వేరే చోటికి వెళ్లే ప్యాకెట్ ఇన్‌పుట్, ఫార్వర్డ్, అవుట్‌పుట్ మూడు చైన్లూ (వరుసగా చూసే రూల్స్ జాబితాలు) దాటేది. ఐపీటేబుల్స్‌లో అలాంటి ప్యాకెట్ ఫార్వర్డ్ చైన్ ఒక్కటే దాటుతుంది. అంటే పాత స్క్రిప్టులో ఇన్‌పుట్ దగ్గర వేసిన అడ్డు, కమాండ్ పేరు మార్చి నడిపితే, వెనకున్న నెట్‌వర్క్‌కు ఇక కాపలా కాయదు. ఎర్రర్ కూడా రాదు! అయినా ఆ మార్పు తప్పలేదు, తప్పకూడదు కూడా. లోపలి నుంచి మొదలైన కనెక్షన్‌కు వచ్చే జవాబులను మాత్రమే రానివ్వమని ఒక్క లైన్లో చెప్పగలిగింది దాంతోనే. పాత రూల్స్ నడవడానికి 2.4లో ఐపీచైన్స్ మాడ్యూల్ (కెర్నల్‌కు విడిగా తగిలించే భాగం) కూడా ఇచ్చారు కానీ, దాన్నీ ఐపీటేబుల్స్‌నూ ఒకేసారి లోడ్ చేయడం కుదిరేది కాదు.

2014 జనవరిలో 3.13 కెర్నల్‌తో, ఐపీటేబుల్స్ స్థానం తీసుకోవడానికి ఎన్‌ఎఫ్‌టేబుల్స్ వచ్చింది. డెవలపర్ ప్యాట్రిక్ మెక్‌హార్డీ 2008లోనే బయటపెట్టిన పని ఇది. కెర్నల్‌లో ఒక చిన్న వర్చువల్ మెషీన్ పెట్టి, రూల్స్‌ను ఆ మెషీన్‌కు అర్థమయ్యే బైట్‌కోడ్‌గా మార్చి దానికి అందించడం ఇందులోని ఆలోచన. ఫైర్‌వాల్‌లో ప్రతి కొత్త సదుపాయానికీ కెర్నల్‌ను మార్చే అవసరం తగ్గించాలన్నది ఉద్దేశం.

2018లో వచ్చిన ఐపీటేబుల్స్ 1.8 పాత కమాండ్లనే ఉంచి, వెనక ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌ను నడిపించే రూపాన్నీ పాత రూపంతో పాటు ఇచ్చింది. 2019లో డెబియన్ 10 (లినక్స్ రకాల్లో, అంటే డిస్ట్రోల్లో ఒకటి) ఎన్‌ఎఫ్‌టేబుల్స్ రూపాన్నే డిఫాల్ట్ చేసింది. గొడవ, కంటైనర్లను (విడివిడిగా ప్యాక్ చేసి నడిపే ప్రోగ్రామ్‌లను) నిర్వహించే కుబర్నెటీస్ దగ్గర బయటపడింది: హోస్ట్ (వాటిని నడిపే అసలు మెషీన్) కొత్త పద్ధతిలో, కంటైనర్ లోపలి టూల్ పాత పద్ధతిలో రూల్స్ రాశాయి. ఒకే కెర్నల్‌లో రెండు జాబితాలు. ఒకటి వదిలిన ప్యాకెట్‌ను రెండోది ఆపేయగలదు. పాత పద్ధతికే తిరిగి మార్చుకోమని కొన్నాళ్లు అందరికీ చెప్పాల్సి వచ్చింది.

ఆ ఎర్రర్ కనిపించగానే టెన్షన్ పడి కెర్నల్ కంపైల్ చేయనక్కర్లేదు. చాలాసార్లు కొత్త కెర్నల్ ఇన్‌స్టాల్ చేసి రీబూట్ చేయకపోవడమే కారణం. ఆర్చ్ లాంటి డిస్ట్రోల్లో అప్‌డేట్ కాగానే పాత మాడ్యూళ్లు డిస్క్ మీద నుంచి పోతాయి. మెమరీలో నడుస్తున్నది మాత్రం పాత కెర్నలే, దానికి కావాల్సిన మాడ్యూల్ దొరకదు. కంటైనర్ తరహా వీపీఎస్ (అద్దెకు తీసుకునే వర్చువల్ సర్వర్) అయితే కెర్నల్ హోస్ట్‌ది, మన చేతిలో లేదు. ముందు నడుస్తున్న కెర్నల్ వెర్షన్ చూసి, తర్వాత ఐపీటేబుల్స్ వెర్షన్ అడగండి. 1.8 నుంచి వచ్చిన వాటిలో అది పాత పద్ధతో, ఎన్‌ఎఫ్‌టేబుల్సో ఆ నంబర్ పక్కనే ఉంటుంది.