సూదికీ జ్వరానికీ నడుమ వారం

ఆదోని వైపు పల్లెల్లో తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు కుడి జబ్బ మీద అర మిల్లీలీటరు తట్టు-రుబెల్లా టీకా వేస్తారు. సూది మంట త్వరగానే చల్లారుతుంది. అసలు జ్వరం వస్తే మామూలుగా ఏడో రోజు తర్వాతే, ఒక్కోసారి సన్నటి దద్దుతో సహా. టీకాలో ఉన్నది నీరసపరిచిన వైరస్సే అయినా ప్రాణంతో ఉన్నదే. ఒంట్లో పెరగడానికి దానికి అంత వ్యవధి కావాలి. ఆ జ్వరం రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది.

ఈ ముక్క ముందే చెప్పకపోతే జ్వరానికి కారణం ఇంకెవరో చెబుతారు. "ఆ సూదిలో ఏందో కలిపినారంట, పిల్లోళ్లు పుట్టకుండా చేసేకి." భయపడ్డ మనసుకు కారణం ఒక్కటే చాలదు, దాని వెనక ఒక మనిషి కూడా కావాలి. పైగా విన్న మాటే మళ్లీ వింటే నిజమనిపిస్తుందని 1977లోనే ప్రయోగాల్లో తేలింది. ఒకే అబద్ధం నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో వస్తే నలుగురు సాక్షులు దొరికినట్టే. చదువు లేనివాళ్లే నమ్ముతారనుకోవడం మన గొప్ప. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టింది 1998లో పేరున్న వైద్య పత్రికలో వచ్చిన వ్యాసమే. అందులో ఉన్నది 12 మంది పిల్లలు. ఆటిజం లక్షణాలు కంటపడే వయసూ, ఆ టీకా వేసే వయసూ దాదాపు ఒకటే కావడంతో తల్లిదండ్రులకు అది నమ్మబుద్ధయింది. ఆ వ్యాసాన్ని 2010లో వెనక్కి తీసుకున్నారు. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని గమనించి 2019లో అలాంటి సంబంధం లేదని తేల్చారు. అయినా పుకారు ఇంకా తిరుగుతూనే ఉంది.

నష్టం మాత్రం ఊరందరిదీ. రక్షణ లేని జనంలో తట్టు ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. దాన్ని ఆపాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలి. ఒక వీధిలో పది ఇళ్లు మానేస్తే చాలు, సూదికి వయసు రాని చంటిబిడ్డలు ముందు బలవుతారు.

అనుమానమంతా వట్టిదే అనలేం. పొడిగా వచ్చే ఈ టీకా మందును ద్రావకంతో కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. అంతకుమించి ఉంచితే అందులో బ్యాక్టీరియా పెరిగి బిడ్డ ప్రాణానికే ముప్పు. అలాంటి పొరపాటు జరిగినప్పుడు దాచిపెడితే, మరుసటి పుకారుకు ఎరువు వేసినట్టే.

అందుకే కలిపిన టైం సీసా మీద రాయాలి, అడిగిన తల్లికి చూపించాలి. అరగంట కూర్చోబెట్టి, "ఈ వారం దాటినాక జరం రావొచ్చమ్మా, భయపడొద్దు. పారాసెటమాల్ బరువును బట్టి పోయాలి, ఎంతో నేను చెప్తా. మూడు రోజులు దాటినా, ఫిట్స్ వచ్చినా ఆస్పత్రికి రా" అని టీకా వేసే నర్సు, అంటే ఏఎన్‌ఎం, చెప్పి పంపితే, పదో రోజు ఒళ్లు కాలినప్పుడు ఆ తల్లి ఫోన్ చేసేది ఏఎన్‌ఎంకే.