పాంక్రియాస్ ఆపరేషన్‌లో స్ప్లీన్ సంగతి: అపోహలు - వాస్తవాలు

పాంక్రియాస్ (జీర్ణాశయం వెనక ఉండే క్లోమగ్రంథి) తోక భాగంలో గడ్డ ఉంది, లాప్రోస్కోపీలో అంటే చిన్న రంధ్రాల ఆపరేషన్‌తో తీయాలి, ఆనుకునే ఉన్న స్ప్లీన్‌ని (ప్లీహం) కాపాడడానికి చూస్తాం, కుదరకపోతే అదీ తీయాల్సి వస్తది అని చెప్తానా, మా తిరుపతి ఓపీలో సగం మంది అనే మాట ఒకటే. "దాని కోసం అంత కష్టమెందుకు సార్, తీసేయండి, అది ఉన్నా లేకున్నా ఒకటేనంట గదా!" ఎవరు చెప్పినారంటే పక్క బెడ్ ఆయన, లేదంటే యూట్యూబ్.

ఒకటి కాదు. స్ప్లీన్ లేకుండా బతకొచ్చు, నిజమే, మామూలు రోజుల్లో తేడా కూడా తెలీదు, ఈ పుకారు పుట్టింది అందుకే. కానీ రక్తంలోకి దూరిన న్యూమోకాకస్ లాంటి బ్యాక్టీరియాని పట్టి చంపే పనిలో ఎక్కువ భాగం ఎడమ పక్క పక్కటెముకల కింద ఉండే ఆ పిడికిలంత స్ప్లీన్‌దే. అది లేనోళ్ళకి అరుదుగానైనా సరే ఒక ఇన్ఫెక్షన్ వస్తది, పొద్దున వణుకుతో జ్వరం, సాయంత్రానికి బీపీ పడిపోతుంది, ఐసీయూలో పెట్టినా సగం మంది దాకా దక్కకపోవచ్చు. మొదటి రెండు మూడేళ్ళు రిస్క్ ఎక్కువ, ఆ తర్వాత తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు.

పుంగనూరు పక్క నుంచి ఒకాయన వచ్చినాడు. ఎప్పుడో బైక్ యాక్సిడెంట్‌లో స్ప్లీన్ చిట్లితే వేరే ఊర్లో తీసేసినారు. రాత్రి చలిజ్వరమొస్తే డోలో వేసుకుని పడుకున్నాడు, పొద్దున ఊర్లో ఆర్ఎంపీ ఇంజెక్షన్ ఇచ్చినాడు, డెంగీ ఏమోనని ప్లేట్‌లెట్స్ టెస్టుకి పంపినారు, ఆ రిపోర్టు కోసం కూర్చున్నారు. ఎమర్జెన్సీకి వచ్చేసరికి చేతులు చల్లగా, గోళ్ళు నీలంగా ఉన్నాయి. వాళ్ళావిడ తెచ్చిన ప్లాస్టిక్ కవర్లో కరెంటు బిల్లుల మధ్య పాత డిశ్చార్జి కాగితం దొరికింది, ఆపరేషన్ పేరు మాత్రం ఉంది, టీకాల గురించి ఒక్క ముక్క లేదు. మనిషి బతికినాడు, కాలి వేళ్ళు రెండు పోయినాయి. "స్ప్లీన్ లేదని జ్వరమొచ్చినప్పుడు చెప్పాలని మాకెవరూ చెప్పలేదు సార్" అని ఆమె అంటుంటే ఎవర్ని తిట్టాలో అర్థం కాలేదు.

అందుకే స్ప్లీన్ తీసినోళ్ళు వినండి. న్యూమోకాకల్, మెనింగోకాకల్, హిబ్ టీకాలు వేయించుకోవాల్సిందే, వీలైతే ఆపరేషన్‌కి 2 వారాల ముందే. స్ప్లీన్‌ని కాపాడతామనే నమ్మకం ఉన్నా మేం ముందే వేయిస్తాం, ఎందుకంటే లోపలికి పోయినాక ఏమవుతుందో ఎవరికెరుక. ఏటా ఫ్లూ టీకా కూడా. టీకాలు వేసుకున్నాం కదా అని జ్వరాన్ని లెక్కచేయకుండా ఉండకూడదు, ఒళ్ళు కాలితే డాక్టర్ ఇచ్చి ఉంచిన యాంటీబయాటిక్ మొదటి డోసు వేసుకుని నేరుగా ఆసుపత్రికి పోండి, "నాకు స్ప్లీన్ లేదు" అనేది మొదటి మాట కావాలి. ఆ ముక్క ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. కుక్క కరిస్తే రేబిస్ సూదితో సరిపెట్టకండి, మీకు యాంటీబయాటిక్ కూడా కావాలి. మన వీధుల్లో కుక్కల సంగతి తెలిసిందే గదా.

ఇక రెండోది, "చిన్న రంధ్రాల ఆపరేషన్ అయితే స్ప్లీన్ గ్యారంటీగా మిగుల్తుంది." గ్యారంటీ ఇచ్చేవాళ్ళని నమ్మకండి. స్ప్లీన్ నుంచి వచ్చే సిర పాంక్రియాస్ వెనక గాడిలో అతుక్కుని పోతుంది, ఉల్లిపొరంత పల్చటి గోడ దానికి, దాన్నుంచి పాంక్రియాస్‌లోకి పోయే సన్న కొమ్మల్ని ఒక్కొక్కటే విడదీసి క్లిప్పేసి కత్తిరించాలి. ఒక్కటి తెగిందా, స్క్రీన్ మొత్తం ఎర్రగా అయిపోతుంది, గాజ్‌గుడ్డ అదిమిపెట్టి అట్లే ఆగాలి. ఇట్లా రక్తనాళాల్ని ఉంచి చేసేది కిమురా పద్ధతి, 1996లో వచ్చింది. అంతకుముందే 1988లో అమెరికా సర్జన్ వార్షా ఇంకో దారి చూపించినాడు, ఆ పెద్ద నాళాల్ని గడ్డతో పాటే తీసేసి, జీర్ణాశయం వైపు నుంచి వచ్చే చిన్న నాళాల మీద స్ప్లీన్‌ని బతికించడం. ఇందులో స్ప్లీన్‌లో కొంత భాగం రక్తం అందక చచ్చిపోవడం, తర్వాత జీర్ణాశయం చుట్టూ సిరలు ఉబ్బడం కొంచెం ఎక్కువ, స్ప్లీన్ పెద్దదైతే ఆ రక్తం చాలకపోవచ్చు. ముందే పాంక్రియాటైటిస్ (పాంక్రియాస్ వాపు) వచ్చి లోపలంతా అతుక్కుపోయి ఉంటే రెండూ కష్టమే. బ్లీడింగ్ ఆగక స్ప్లీన్ తీసేసినారంటే చేతకాక అని కాదు, మనిషిని కాపాడుకోవడం ముందు.

క్యాన్సర్ అని తేలితే మాత్రం "స్ప్లీన్ ఉంచండి సార్" అని బతిమాలొద్దు, దాని దగ్గరుండే లింఫ్ గ్రంథులు కూడా రావాలి కాబట్టి తీసేస్తాం. కాపాడే ప్రయత్నమంతా క్యాన్సర్ కాని గడ్డలకీ, చిన్న న్యూరోఎండోక్రైన్ (హార్మోన్ కణాల్లో పుట్టే) గడ్డలకీ, వయసు ఆడపిల్లల్లో ఎక్కువగా కనబడే ఎస్‌పీఎన్ అనే గడ్డ లాంటి నెమ్మది రకాలకీ. ఆ పిల్లల అమ్మలు బయట వరండాలో నన్ను ఆపి "పెళ్లికి అడ్డమా సార్" అని గొంతు తగ్గించి అడుగుతారు. అడ్డం కాదమ్మా, పిల్లలు పుట్టడానికి కూడా స్ప్లీన్‌తో సంబంధం లేదు.

మిగతావి గబగబా. ఇది లేజర్ ఆపరేషన్ కాదు. షుగర్ అందరికీ రాదు, కానీ ఇన్సులిన్ కణాలు తోకలో ఎక్కువ కాబట్టి కొందరికి వస్తుంది, ముందే అంచున ఉన్నోళ్ళకి మరీనూ, స్ప్లీన్ ఉంచినా రావొచ్చు. డ్రెయిన్ ట్యూబ్‌తో ఇంటికి పంపినారంటే ఆపరేషన్ ఫెయిలైనట్టు కాదు, పాంక్రియాస్ కోసిన చోట కొన్నాళ్ళు దాని రసం కారొచ్చు, అంతే. అలిపిరి మెట్లు ఎప్పుడెక్కొచ్చని అడిగేవాళ్ళకి, మొక్కు ఎక్కడికీ పోదు, ముందు చెకప్‌కి రండి, ఈసారికి బస్సులో కొండెక్కండి.