షూటింగ్ అయిపోయాక సర్టిఫికెట్ అడిగితే ఎలా?

"డాక్టర్ గారూ, షూటింగ్ అయిపోయింది. ఒక సర్టిఫికెట్ రాసిచ్చెయ్యండి, సెన్సార్‌కి పెట్టాలి." విజయనగరంలో పశువైద్యం చేసుకునే నాకు ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. తాటిపూడి గట్టు మీద, రామతీర్థం కొండల దగ్గర, కళింగపట్నం తీరంలో కెమెరా పెట్టే కుర్రాళ్లు ఈమధ్య బాగా పెరిగారు, సంతోషం. కానీ మేకనో గొర్రెనో తోలుకొచ్చే ముందు ఎవరినైనా అడగాలని మాత్రం వాళ్లకు తోచదు.

అపోహ: జంతువుల పర్మిషన్ సినిమా పూర్తయ్యాక తెచ్చుకోవచ్చు.

కుదరదు. ప్రదర్శన జంతువుల రిజిస్ట్రేషన్ నియమాలు 2001 నుంచీ ఉన్నాయి. వాటి ప్రకారం షూటింగ్ ఎక్కడ, ఏ రోజు, ఏ సమయానికి అన్నది కనీసం నాలుగు వారాల ముందే భారత జంతు సంక్షేమ బోర్డుకు తెలపాలి. ఏ జంతువు, వయసెంత, ఆరోగ్యం ఎలా ఉంది, దానితో ఏం చేయిస్తారు, ఎంతసేపు చేయిస్తారు, అసలు ఆ సీనుకు అది ఎందుకు కావాలి, అన్నీ రాయాలి. నేనిచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఆ దరఖాస్తుకు జత చేసే ఒక కాగితం, అంతే. దాన్నే పర్మిషన్ అనుకుని జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు ఎందరో. సీను తీశాక దాన్ని బోర్డుకు చూపించి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తెచ్చుకోవాలి. అది లేకపోతే సెన్సార్ దగ్గర ఫైలు కదలదు.

శ్రీకాకుళం వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. అప్పు చేసి సినిమా తీశాడు. కథలో హీరో తండ్రి గొర్రెల కాపరి, మంద చెదిరిపోయే సీను మీదే సినిమా అంతా నిలబడింది. ఆ సీను షూటింగ్ అయిపోయింది, మంద సంతకు వెళ్లి అమ్ముడైపోయింది కూడా. ఇప్పుడు వెనకటి తేదీ వేసి నేను సంతకం పెట్టాలట. కంటితో చూడని గొర్రెకు జబ్బు లేదని ఏ డాక్టరు రాస్తాడు? ఇవ్వనన్నాను. గుమ్మం దగ్గర చాలాసేపు అలా నిలబడిపోయాడు. చివరికి సీను కత్తిరించాడు. ఇప్పుడు ఆ తండ్రి ఎందుకు ఏడుస్తున్నాడో చూసేవాళ్లకు అర్థం కాదు.

ఇలాంటి వాళ్ల దగ్గరకే మధ్యవర్తులు చేరతారు. "చెన్నైలో మనవాళ్లున్నారు, మేనేజ్ చేసేద్దాం" అంటారు. బోర్డు ఆఫీసు చెన్నై వదిలి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌కు వెళ్లిపోయింది, ఆ సంగతి కూడా వాళ్లకు తెలియదు. వాళ్లకు డబ్బులు కట్టకండి. టెన్షన్ కూడా పడకండి. ఇంటి కుక్కతోనో నాలుగు మేకలతోనో మామూలు సీను అయితే ఇది కాగితాల పనే. షూటింగ్ డేట్ ఖాయం చేసుకునే ముందే, స్క్రిప్టు దశలోనే మొదలుపెట్టండి.

అపోహ: లైట్లు వేస్తే ఆవు పాలు ఎండిపోతాయి.

గజపతినగరం దగ్గర ఆవును అద్దెకిచ్చిన ఒకావిడ "మరి చేపడం మానేత్తాదేటి బాబూ?" అని తెగ బెంగపడింది. ఆమె భయంలో కొంత నిజముంది. బెదిరిన ఆవు ఆ పూటకు సరిగ్గా చేపదు, అంటే పాలు దిగనివ్వదు. కుదురుకున్నాక మళ్లీ మామూలే, పాలు ఎండిపోవడం ఉండదు. పలుపు ఆమె చేతిలోనే ఉంచమని యూనిట్‌కు చెప్పాను, తెలిసిన మనిషి పక్కనుంటే ఆవు అంతగా బెదరదు. అసలు అడగాల్సింది ఆవు చూడిదా కాదా అని. చూడి పశువును షూటింగ్‌లో వాడకూడదు. కృత్రిమ వెలుతురు 500 లక్స్ (వెలుతురు కొలత) దాటకూడదు, పక్కన బాంబులూ మంటలూ ఉండకూడదు, టేకుల మధ్య విశ్రాంతి ఇవ్వాలి. ఇవన్నీ నియమాల్లో ఉన్నవే.

అపోహ: కొంచెం మత్తు సూది వేస్తే కుదురుగా ఉంటుంది, దానికీ మంచిదే.

ఇది అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. చికిత్స కోసం తప్ప మత్తు ఇవ్వడం నియమాలకే విరుద్ధం. పైగా గుర్రానికి ఇచ్చే జైలజిన్ అనే మత్తుమందు మోతాదులో పదో వంతుకే ఆవు పడిపోగలదు. పడుకున్నాక కడుపు ఉబ్బుతుంది, మేసింది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సీను మీకు దక్కుతుంది, ఆవు మాత్రం రైతుకు మిగలదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. యూట్యూబ్ షార్ట్ ఫిల్మ్‌కు సెన్సార్ లేకపోవచ్చు, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మాత్రం దానికీ వర్తిస్తుంది. "ఏ జంతువుకూ హాని జరగలేదు" అని టైటిల్స్‌లో వేసుకున్నంత మాత్రాన అది ఎన్‌వోసీ అయిపోదు. నాయనమ్మ ఇంటి అరుగు మీద పంజరంలో చిలక ఉంటే బాగుంటుందని ప్రతి ఆర్ట్ డైరెక్టరుకూ అనిపిస్తుంది. పంజరంలో పక్షిని చూపించకూడదు, రామచిలకను పెంచడమే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. కోతి, ఎలుగుబంటి, పులి, చిరుత, సింహం, వీటిని ప్రదర్శనకు వాడటం 1998 నుంచీ నిషేధం, వాటికి గ్రాఫిక్స్ వాళ్లను పట్టుకోండి, అది గ్రాఫిక్సేనని చూపే మేకింగ్ వీడియో దాచుకోండి. 2011లో ఎద్దును కూడా ఆ జాబితాలో కలిపారు కాబట్టి, ఎడ్లబండి సీను రాసుకునే ముందే బోర్డును అడిగేయండి.