మారిషస్‌లో మన కోరంగి

చిన్నూ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో అడిగారు కదా, మారిషస్‌లో తెలుగువాళ్ళు ఎందుకున్నారు తాతయ్యా అని. అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదర్రా, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ముందు అట్లాస్ తీయండి. ఆఫ్రికాకి కుడిపక్కన మడగాస్కర్ కనిపిస్తుంది, అక్కణ్ణుంచి ఇంకో 800 కిలోమీటర్లు తూర్పుకెళ్తే చుక్కంత దీవి, అదే మారిషస్. మొత్తం కలిపి రెండువేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. సముద్రంలో అగ్నిపర్వతాలు పొంగి పుట్టిన నేల కాబట్టి ఎక్కడ చూసినా నల్లరాళ్ళే. చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంటుంది, అలలు దూరంగా అక్కడే విరిగిపోతాయి, ఒడ్డున నీళ్ళు మన ఊరి చెరువంత నెమ్మదిగా ఉంటాయి. భూమధ్యరేఖకి కింద ఉంది కదా, మనకి డిసెంబర్‌లో చలైతే వాళ్ళకి మంచి ఎండాకాలం.

అసలు ఆ దీవికి సొంత మనుషులంటూ లేరు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. 1598లో డచ్చివాళ్ళు దిగి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. అక్కడ డోడో అని ఎగరలేని పెద్ద పక్షి ఉండేది, మనిషిని చూసి భయపడాలని కూడా దానికి తెలీదు పాపం, వీళ్ళు వేటాడారు, ఓడల్లో వచ్చిన ఎలుకలూ పందులూ కోతులూ గుడ్లు తినేశాయి, వందేళ్ళు తిరక్కుండా జాతే అంతరించిపోయింది. 1710లో డచ్చివాళ్ళు వెళ్ళిపోయాక ఫ్రెంచివాళ్ళొచ్చారు, మడగాస్కర్ నుంచీ ఆఫ్రికా నుంచీ మనుషుల్ని బానిసలుగా పట్టుకొచ్చారు. 1810లో ఇంగ్లీషువాళ్ళు లాక్కున్నారు. 1835లో బానిసత్వం రద్దయింది, మంచిదే, మరి చెరుకు తోటల్లో పని ఎవరు చెయ్యాలి? అందుకే ఆ రద్దు రాబోతోందని తెలిసి ముందే తోటల యజమానుల కళ్ళు మన దేశం మీద పడ్డాయి.

1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీల్ని తెచ్చి పోర్ట్ లూయిస్ రేవులో దించింది. ఆ తర్వాత 1920 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది వచ్చారు, బీహార్ వైపు నుంచి ఎక్కువ, తమిళ, మరాఠీ, తెలుగు వాళ్ళు కూడా. వాళ్ళు దిగిన చోటుని ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. అక్కడ 16 మెట్లున్నాయి. నల్లరాతి మెట్లు, మామూలుగా పాత ఇంటి గుమ్మం ముందు ఉండేలాంటివే. నేను వెళ్ళినప్పుడు ఒక మెట్టు మీద చెయ్యి పెట్టాను, అంచు అరిగి నున్నగా తగిలింది, మూటలు పట్టుకుని పిల్లల్ని చంకనేసుకుని ఎక్కినవాళ్ళు గుర్తొచ్చి చాలాసేపు కదలలేకపోయాను.

ఒప్పందం అయిదేళ్ళు, నెలకి అయిదు రూపాయలు. ఒంట్లో బాగోక ఒకరోజు మానేస్తే రెండు రోజుల జీతం కోసేవాళ్ళు, ఎంత అన్యాయమో చూడండి. చెరుకు వెయ్యాలంటే ముందు ఆ నల్లరాళ్ళన్నీ ఏరాలి కదా, చేత్తో ఏరి పొలం మధ్యలో గుట్టలు పోశారు. ఆ గుట్టలు ఇప్పటికీ ఉన్నాయర్రా, కొన్ని మేడంత ఎత్తు, చుట్టూ పచ్చటి చెరుకు. మారిషస్ వెళ్ళినవాళ్ళంతా బీచ్ ఫొటోలే పంపుతారు, నాకైతే ఆ రాళ్ళ గుట్టలే మారిషస్.

ఇంక మనవాళ్ళ సంగతి. కాకినాడ దగ్గర కోరంగి ఉంది కదా, ఒకప్పుడు పెద్ద ఓడరేవు, ఓడలు కట్టే ఊరు. 1839లో ఉప్పెనొచ్చి ముంచేసింది. ఆ రేవు పేరు మీదే మారిషస్‌లో తెలుగువాళ్ళని కొరింగీలు అనేవాళ్ళు. ఊరు చితికిపోయినా దాని పేరు సముద్రం అవతల మనుషుల పేరుగా బతికింది. ఎన్ని తరాలైనా వాళ్ళు సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, రామ భజన చేస్తారు, ఉగాదికి దేశమంతా సెలవు! ఇంట్లో మాట్లాడేది క్రియోల్ అనే, ఫ్రెంచి లోంచి పుట్టిన అక్కడి భాష అయినా పిల్లలు బళ్ళో తెలుగు నేర్చుకుంటారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. చాలామంది ఇంటిపేర్లు కూడా ఓడెక్కిన ముత్తాతల పేర్లే, గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేశాడు, అదే ఇంటిపేరై కూర్చుంది.

1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. కూలీగా వచ్చినాయన కొడుకు శివసాగర్ రామ్‌గులామ్ మొదటి ప్రధానమంత్రి అయ్యాడు. సరిగ్గా అదే తేదీన 1992లో రిపబ్లిక్ అయ్యారు.

సెలవులకి రండి, కోరంగి తీసుకెళ్తా. ఇప్పుడక్కడ రేవు లేదు, మడ అడవి, మధ్యలో పాయలు, పడవలో కూర్చుంటే కొమ్మలు తలకి తగుల్తాయి. ఆ నీళ్ళు ఎటు పోయి సముద్రంలో కలుస్తాయో మీకు చూపిస్తా.

మీ తాతయ్య