ఉత్తరం మీది తేదీ చూసి మనిషిని తిట్టకండి

అమెరికా తొలినాళ్ల చరిత్ర చెప్పడం నా పని. ఏటా క్లాసులో ఎవరో ఒకరు అంటారు: "ఇంటిల్లిపాదీ మంచాన పడితే జాన్ ఆడమ్స్ ఫిలడెల్ఫియాలో కూర్చుని రాజకీయాలు నడిపాడు. ఎంత రాతిగుండె సార్!" జాన్ తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడయ్యాడు; 1775లో ఫిలడెల్ఫియాలో వలసల ప్రతినిధుల సభలో ఉన్నాడు. భార్య అబిగేల్ పిల్లలతో మసాచుసెట్స్‌లోని ఇంట్లో ఉంది.

అపోహ: భార్య రాసిన రోజే భర్తకు సంగతి తెలిసింది.

వాస్తవం: ఎలా తెలుస్తుంది? 1775లో మసాచుసెట్స్‌ను రక్తవిరేచనాలు పట్టి పీడించాయి. సెప్టెంబరు 8న తమ ఊరు బ్రెయింట్రీ నుంచి అబిగేల్, ఇంట్లో ఎవరెవరు మంచాన పడ్డారో వరసగా రాసింది: ముందు పనికుర్రాడు, తర్వాత తను, ఆ తర్వాత పనిపిల్ల, మూడేళ్లు నిండని కొడుకు టామీ. ఆ ఉత్తరం, 16న రాసిన ఇంకోటి కలిసి జాన్ చేతికి అందింది అక్టోబరు 1 పొద్దున. ఆయన కంగారుపడి ఆ రోజే జవాబు రాశాడు. అదే రోజు పుట్టింటి ఊరు వేమౌత్‌లో అబిగేల్ తల్లి కన్నుమూసింది. కూతురు ఆ కబురు రాస్తుంటే, అల్లుడు మూడు వారాల కిందటి జబ్బు గురించి చదువుతున్నాడు.

"నీ ఫలానా తేదీ ఉత్తరం ఇవాళ అందింది" అన్న మొదటి వాక్యాన్ని మర్యాద కోసం రాసిందనుకుని మా పిల్లలు దాటేస్తారు. అసలు ఆధారం అదే. నేనూ ఒకప్పుడు దాటేసినవాణ్నే. 2020లో కాకినాడలో అమ్మకు జ్వరమని తెలిశాక రెండు గంటలు అక్కడ ఎవరూ ఫోన్ ఎత్తలేదు. ఆ టెన్షన్ పడ్డాకే ఈ ఉత్తరాలు మళ్లీ తీసి, పక్కన అందిన తేదీలు కూడా రాసుకుంటూ చదివాను.

అపోహ: ఆడవాళ్ల ఉత్తరాల నిండా ఏడుపే.
వాస్తవం: ఏడుపూ ఉంది, ఎందుకుండదు? దాని పక్కనే ఎవరు పడ్డారు, ఎవరు లేచారు అన్న లెక్కా ఉంది.

అపోహ: 1776లో అబిగేల్ పిల్లలకు మశూచి వ్యాక్సిన్ వేయించింది.
వాస్తవం: ఇంగ్లండ్ వైద్యుడు జెన్నర్ కనిపెట్టిన మశూచి టీకా 1796లో వచ్చింది. జులై 1776లో బోస్టన్‌లో తనకూ నలుగురు పిల్లలకూ ఎక్కించుకున్నది అసలు మశూచి పొక్కుల రసమే; తేలిగ్గా వచ్చి తగ్గితే మళ్లీ రాదని.

అపోహ: ఉత్తరంతో రోగం వస్తుందన్న భయం వట్టి పిచ్చి.
వాస్తవం: మశూచి పొక్కుల చెక్కులు కాగితానికి అంటుకుని రావచ్చు. 1764లో, పెళ్లికి ముందు, జాన్ బోస్టన్‌లో మశూచి ఎక్కించుకుని అక్కణ్నుంచి రాసిన ఉత్తరాలకు వేమౌత్‌లో టామ్ అనే పనివాడు, రోగం అంటకుండా, పొగ పట్టేవాడు. అంతసేపూ తను, గూడు దోచినప్పుడు దగ్గరికి రాలేక, వదిలిపోలేక చుట్టూ తిరిగే పిట్టలా టామ్ చుట్టూ తిరుగుతున్నానని ఇంట్లోవాళ్లు అంటున్నారని అబిగేల్ రాసింది.